2015 స్కార్పియోనా, 2019 బ్రెజ్జానా? రాయగడ, గునుపురం వైపు సెకండ్ హ్యాండ్ బండి కొనేవాళ్ళకి

రాయగడ, గునుపురం, పర్లాకిమిడి, కోరాపుట్. ఒడిశాలోని ఈ ఊళ్ళలో మన తెలుగువాళ్ళు సెకండ్ హ్యాండ్‌లో పెద్ద బండి కొనాలనుకుంటే, పది బళ్ళు చూశాక బేరం చాలాసార్లు ఈ రెండింటి దగ్గరే ఆగుతుంది. ఒకటి 2015 మహీంద్రా స్కార్పియో, ఏడుగురు ఎక్కే బండి. రెండోది 2019 మారుతి వితారా బ్రెజ్జా డీజిల్, అయిదుగురి బండి. వయసులో నాలుగేళ్ళ తేడా, పొడవులో దాదాపు అర మీటరు తేడా. ధర మాత్రం ఇంచుమించు ఒకటే పలుకుతుంది. ఇద్దరు ఓనర్లూ ఆరు లక్షల దగ్గర ఉన్నారనుకుందాం.

"ఏది తీసుకోమంటారు?" అని వర్క్‌షాపుకి వచ్చి అడిగినవాళ్ళని ముందు నేనే ఒకటి అడుగుతాను. మామూలు రోజున మీ బండిలో ఎంతమంది ఎక్కుతారు? పండక్కి ఎంతమంది, పెళ్ళికి ఎంతమంది అని కాదు. సోమవారం పొద్దున బడికి, గురువారం డ్యూటీకి, నెలకోసారి పార్వతీపురం ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు ఎంతమంది అని. సగం జవాబు అక్కడే తేలిపోతుంది. మిగతా సగం బండి నంబరులోనూ, అది ఇన్నాళ్ళూ తిరిగిన దారిలోనూ ఉంటుంది.

సీట్ల లెక్క

ఇంట్లో నలుగురు, అప్పుడప్పుడు ఊరినుంచి వచ్చే అమ్మమ్మ. ఇలాంటి ఇంటికి బ్రెజ్జా చాలు. మధ్య సీట్లో ముగ్గురు పట్టడానికి కొంచెం ఇరుకే గాని, అందులో ఒకరు పిల్లలైతే ఇబ్బంది ఉండదు. డిక్కీ 328 లీటర్లు. పాతిక కిలోల బియ్యం బస్తాలు రెండు, మీద బట్టల సంచులు పడతాయి.

స్కార్పియోలో ఏడుగురు ఎక్కుతారన్నది నిజమే. కానీ ఏడుగురూ ఎక్కాక సామాను పెట్టే చోటు ఎక్కడుందో డోరు తీసి చూడండి. వెనక సీట్లు వేసి ఉంటే చేతిసంచి తప్ప ఇంకేం పట్టదు, మిగతాదంతా పైన క్యారియర్ మీదకే. స్కార్పియో మోడళ్ళలో పైదైన ఎస్10లో వెనక సీట్లు రెండు రకాలుగా వచ్చాయి. కొన్నింటిలో ముందుకు చూసేవి, కొన్నింటిలో ఎదురెదురుగా అడ్డంగా ఉండేవి. అడ్డం సీట్లలో పిల్లల్ని కూర్చోబెట్టి సాలూరు నుంచి సుంకి ఘాటీ ఎక్కితే పొట్టంగి చేరేలోపు వాంతులు ఖాయం. అంతకన్నా పెద్ద సంగతి, అడ్డంగా కూర్చున్న పిల్లల్ని సడన్ బ్రేకు పడినప్పుడు పట్టి ఆపేదేమీ ఉండదు. కాబట్టి పిల్లలున్న ఇల్లు స్కార్పియోకే వెళ్ళాలనుకుంటే, ముందుకు చూసే వెనక సీట్లున్న బండి దొరికేదాకా ఆగండి. తొందరపడి అడ్డం సీట్ల బండి తీసుకోవద్దు.

అన్నదమ్ములిద్దరి సంసారాలూ ఒకే ఇంట్లో ఉండి, రోజూ ఆరుగురు కదిలే పని ఉంటే లెక్క మారుతుంది. అలాంటి ఇంటికి బ్రెజ్జా చెప్పడం తప్పు. అయిదుగురి బండిలో ఏడుగుర్ని కుక్కి ఘాటీ ఎక్కించడం బండికీ మంచిది కాదు, మనుషులకీ మంచిది కాదు. ఏడాదికి రెండుసార్లు వచ్చే చుట్టాల కోసం మాత్రం ఏడాది పొడుగునా పెద్ద బండిని మేపనక్కర్లేదు. ఆ రెండు రోజులకీ కిరాయికి బొలెరో మాట్లాడుకుంటే అయిపోతుంది.

ఘాటీ మీద ఏది ఎలా ఎక్కుతుంది

మన వైపు దారులు రెండు రకాలు. ఘాటీ రోడ్లు ఒకటి: రాయగడ నుంచి లక్ష్మీపూర్, కాకిరిగుమ్మ మీదుగా కోరాపుట్ వెళ్ళే 326వ నంబరు జాతీయ రహదారి, సాలూరు నుంచి సుంకి మీదుగా ఎక్కే 26వ నంబరు. గోతుల రోడ్లు రెండోది: కూనేరు, కొమరాడ మీదుగా పార్వతీపురం దిగే దారి. లారీల బరువుకి అది ఎన్నిసార్లు బాగుచేసినా మళ్ళీ గోతులు పడుతూనే ఉంటుంది.

2015 స్కార్పియోలో ఎస్4 నుంచి ఎస్10 దాకా ఉన్నది 2.2 లీటర్ల ఎంహాక్ ఇంజను. 120 హార్స్ పవర్, 280 న్యూటన్ మీటర్ల టార్క్. ఎస్2 మాత్రం వేరు, దానిది 75 హార్స్ పవర్ల 2.5 లీటర్ల పాత రకం ఇంజను. బయటికి రెండూ ఒకలాగే కనిపిస్తాయి గనక బ్యాడ్జిని నమ్మకుండా ఆర్.సి. మీద సీసీ చూడండి. ఎంహాక్ అయితే 2179 ఉంటుంది. ఎస్2కి ఎస్10 ధర చెప్పేవాళ్ళు ఉన్నారు.

బ్రెజ్జాది 1.3 లీటర్ల డీజిల్, 1248 సీసీ, 89 హార్స్ పవర్, 200 న్యూటన్ మీటర్లు. అంకెల్లో స్కార్పియో చాలా ముందుంది. కానీ స్కార్పియో ఒళ్ళు 1,800 కిలోల దగ్గర తూగుతుంది, బ్రెజ్జా 1,200 కిలోల దగ్గర. అందుకే నలుగురు కూర్చున్న బ్రెజ్జా ఘాటీలో వెనకబడిపోదు. దాని చిక్కల్లా టర్బో అందుకునేదాకా ఉండే నీరసం. మలుపు దగ్గర లారీ అడ్డమొచ్చి స్పీడు తగ్గి, ఇంజను 1,700 ఆర్.పి.ఎం. కిందకి పడిందంటే మూడో గేరులో ఎంత తొక్కినా కదలదు. రెండో గేరుకి దించాల్సిందే. ఈ అలవాటు లేనివాళ్ళు క్లచ్చి మీద కాలు పెట్టి లాగిస్తారు, అలా లాగించిన బండికి క్లచ్చి ప్లేటు ముందుగానే పోతుంది. మీరు కొనబోయే బ్రెజ్జా ఘాటీ ఊళ్ళో తిరిగిందైతే క్లచ్చి ఎప్పుడు మార్చారో అడిగి, బిల్లు చూపించమనండి.

దిగేటప్పుడు కథ తిరగబడుతుంది. స్కార్పియో బరువే దానికి భారం. రెండు బళ్ళకీ ముందు డిస్కులు, వెనక డ్రమ్ములే. కానీ ఏడుగురితో దిగే స్కార్పియోని గేరులో పట్టకుండా బ్రేకుల మీదే దింపితే, ఘాటీ కింద ఆపి దిగేసరికి కాలిన వాసన వస్తుంది. ఎత్తైన బండి కాబట్టి మలుపుల్లో ఊగడం కూడా ఎక్కువే. కొత్తగా డ్రైవింగ్ నేర్చుకున్న కుర్రాడు నడిపే ఇంటికి ఇది చిన్న విషయం కాదు.

గోతుల రోడ్డు మీద స్కార్పియోకి సాటి లేదు. కింద నిచ్చెన ఛాసిస్, పెద్ద టైర్లు, ఎంత కొట్టినా తట్టుకునే వెనక ఇరుసు. ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటుంది. కాగితాల మీద గ్రౌండ్ క్లియరెన్స్, అంటే నేల నుంచి బండి అడుగుకి ఉండే ఎత్తు, బ్రెజ్జాకే ఎక్కువ, 198 మిల్లీమీటర్లు. స్కార్పియోకి 180. అయినా రాళ్ళ దారిలో స్కార్పియో తక్కువ తగులుతుంది. ఎందుకంటే ఆ 180 వెనక డిఫరెన్షియల్ గుండు దగ్గర కొలిచింది, మిగతా కడుపంతా ఇంకా ఎత్తులోనే ఉంటుంది. బ్రెజ్జా కడుపు ముందునుంచి వెనకదాకా ఒకే ఎత్తులో ఉంటుంది, రాయి నేరుగా ఆయిల్ సంపు కిందకి వస్తుంది.

వర్షాకాలం మట్టి ఎగుడు ఎక్కే పని ఉన్నవాళ్ళు ఇంకో సంగతి చూసుకోవాలి. బ్రెజ్జాని ముందు చక్రాలు లాగుతాయి. ఎగుడులో బరువు వెనక్కి వాలిపోతుంది కాబట్టి ముందు చక్రాలు తేలికై బురదలో ఊరికే తిరుగుతాయి. స్కార్పియోని వెనక చక్రాలు తోస్తాయి, మనుషులెక్కేకొద్దీ పట్టు పెరుగుతుంది. కాశీపూర్ లోపలి ఊళ్ళలో తోటలున్నవాళ్ళు, కాంట్రాక్టు పనులు చేసేవాళ్ళు స్కార్పియో వదలకపోవడానికి కారణం ఇదే. ఆ కాలంలో ఫోర్ బై ఫోర్, అంటే నాలుగు చక్రాలకీ ఇంజను బలం అందే స్కార్పియోలు కూడా వచ్చాయి గాని, మన వైపు దొరకడం అరుదు. దొరికితే ముందు ఇరుసు పని చేస్తోందో లేదో మట్టిలో దింపి చూడకుండా దానికి ఎక్కువ డబ్బు పెట్టొద్దు.

నెలకి ఎంత తింటుంది

కంపెనీ చెప్పిన మైలేజి స్కార్పియోకి 15.4, బ్రెజ్జాకి 24.3. రోడ్డు మీద అంత రాదు. ఘాటీ, ఊరు కలిపి స్కార్పియోకి 12, బ్రెజ్జాకి 18 వేసుకోండి. నెలకి 1,000 కిలోమీటర్లు తిరిగే ఇంటికి స్కార్పియో 83 లీటర్లు తాగుతుంది, బ్రెజ్జా 56. లీటరు 95 రూపాయలనుకుంటే నెలకి 2,600 రూపాయల పైన తేడా. ఏడాదికి ముప్పై వేలు దాటుతుంది.

ఇన్సూరెన్సులో తేడాని కొనేముందు ఎవరూ అడగరు, పాలసీ రెన్యువల్ రోజున అదిరిపడతారు. థర్డ్ పార్టీ ప్రీమియం ఇంజను సైజుని బట్టి ఉంటుంది. 2022 జూన్‌లో వచ్చిన రేట్ల ప్రకారం 1,000 నుంచి 1,500 సీసీ కార్లకి 3,416 రూపాయలు, 1,500 దాటితే 7,897. జీఎస్టీ దానిమీద వేరే. అంటే బండి షెడ్డులోంచి కదలకపోయినా స్కార్పియోకి ఏటా నాలుగున్నర వేలు ఎక్కువ కట్టాలి.

టైర్లు కూడా అంతే. ఎస్10కి 17 అంగుళాల పెద్ద టైర్లు, బ్రెజ్జాకి 16 అంగుళాలవి. నాలుగూ ఒకేసారి మార్చాల్సి వస్తే తేడా గట్టిగానే తెలుస్తుంది. టైరు పక్కన కోడిగుడ్డు ఆకారం గీతలో నాలుగు అంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. 2019 బ్రెజ్జాకి ఇంకా 2019 టైర్లే ఉన్నాయంటే గీతలు ఎంత లోతుగా కనిపించినా సరే, రబ్బరు ముదిరిపోయినట్టే. ఆ డబ్బు బేరంలో తగ్గించమనండి.

స్కార్పియో కొనేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే. ఆరు లక్షలు చేతిలో ఉంటే అయిదు లక్షల బండి చూడండి. మిగతా లక్ష పక్కన పెట్టండి. పదేళ్ళ బండికి సస్పెన్షన్ బుష్‌లు, బాల్ జాయింట్లు, ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాస్‌లు, ఏసీ, బ్యాటరీ, వీటిలో రెండు మూడు మొదటి ఏడాదిలోనే వస్తాయి. టర్బోనో ఇంజెక్టర్లో వచ్చాయంటే ఆ లక్ష అక్కడే అయిపోతుంది. ఆరుకి ఆరూ బండికే పెట్టేసి, మూడో నెలలో అప్పు కోసం తిరిగే ఇళ్ళు చూస్తూనే ఉన్నాం. బ్రెజ్జాకైతే ముప్పై, నలభై వేలు పక్కన ఉంచుకుంటే ఎక్కువమందికి సరిపోతుంది.

స్పేర్ల గురించి భయం అక్కర్లేదు. మారుతి 2020 ఏప్రిల్‌లో బీఎస్6 అనే కొత్త పొగ నిబంధనలు రావడంతో డీజిల్ బళ్ళు చేయడం మానేసింది కాబట్టి, "ఇక పార్టులు దొరకవు" అని కొందరు భయపెడతారు. ఆ 1.3 ఇంజను ఫియట్ ది. స్విఫ్ట్, డిజైర్, ఎర్టిగాల్లో లక్షల్లో తిరుగుతోంది, టాటా బళ్ళలోనూ వచ్చింది. మన ఊళ్ళ టాక్సీ డిజైర్లు బాగుచేసే ఏ మేస్త్రీకైనా దాని గుట్టు తెలుసు. స్కార్పియో కూడా అంతే. 2022 నుంచి స్కార్పియో క్లాసిక్ పేరుతో ఆ ఆకారమే అమ్ముతున్నారు గనక డోర్లు, లైట్లు, బంపర్లకి లోటు లేదు.

దెబ్బ తగిలితే

ఈ విషయంలో నేను మొహమాటపడను. 2018లో కార్లని గుద్దించి రక్షణ ఎంతో చూసే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ పరీక్షలో బ్రెజ్జాకి పెద్దల రక్షణలో నాలుగు స్టార్లు వచ్చాయి. 2016లో అదే సంస్థ పరీక్షించిన స్కార్పియోకి సున్నా. ఆ పరీక్షించింది ఎయిర్ బ్యాగులు లేని బేస్ మోడల్ అన్నది నిజమే, ఎస్10లో రెండు ఎయిర్ బ్యాగులూ ఏబీఎస్సూ ఉంటాయి. అందుకే స్కార్పియో కొనాలనుకుంటే ఎస్2, ఎస్4ల జోలికి వెళ్ళొద్దనేది నా మాట. నలభై వేలు తక్కువకి వస్తోందని ఎయిర్ బ్యాగు లేని పెద్ద బండి ఇంటికి తెచ్చుకోవద్దు. "ఇనప బండి, ఏం కాదు" అనే మాట మన వైపు బాగా నడుస్తుంది. ఛాసిస్ గట్టిగా ఉంటే రాళ్ళ మీద బండి బతుకుతుంది. లోపలి మనిషిని కాపాడేది బెల్టు, ఎయిర్ బ్యాగు, దెబ్బని తాను మింగే ముందు భాగం.

2017 జూలైలో, 2018 అక్టోబరులో ఈ బండి ఎక్కడుంది?

మన జిల్లాల్లో పాత బండి కొనేవాళ్ళు అడగాల్సిన ప్రశ్న ఇది, పట్నంలో రాసే సలహాల్లో ఇది కనిపించదు. 2017 జూలైలో నాగావళి, కల్యాణి నదులు పొంగి తేరుబలి దగ్గర రైలు వంతెన కొట్టుకుపోయింది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి గజపతి, రాయగడ, శ్రీకాకుళం జిల్లాల్ని ముంచేసింది. 2015 స్కార్పియో ఆ రెండు సార్లూ రోడ్ల మీద ఉన్న బండే. 2019 బ్రెజ్జా అప్పటికి పుట్టలేదు. ఆ తర్వాత వానలు రాలేదని కాదు గాని, దానికి ఆ రెండు గండాలూ తప్పాయి.

నీళ్ళలో మునిగిన బండిని కడిగి, పాలిష్ పెట్టి అమ్మితే పైనుంచి ఎవరూ కనిపెట్టలేరు. కానీ నీళ్ళు వదిలిన గుర్తులు కొన్ని చోట్ల మిగిలిపోతాయి. ముందు సీటు బెల్టుని పూర్తిగా, చివరిదాకా లాగండి. రోజూ సగం వరకే బయటికి వచ్చే బెల్టు, లోపల చుట్టుకున్న చివరి మూరెడు ఎవరూ కడగరు. మునిగిన బండైతే అక్కడ అడ్డంగా గోధుమరంగు చార ఉంటుంది, వేలితో రుద్దితే మట్టి పొడి రాలుతుంది. తర్వాత సీటు కిందకి వంగి, సీటు జరిగే పట్టాల బోల్టులు చూడండి. మామూలు బండికి పైపైన తుప్పు ఉండొచ్చు, మునిగిన బండికి బోల్టు తల పొరలు పొరలుగా లేచిపోయి ఉంటుంది. బ్రెజ్జాకైతే డిక్కీలో స్టెప్నీ ఎత్తి కింద గుంటలో ఒండ్రు ఉందేమో చూడండి. స్కార్పియోకి స్టెప్నీ బండి కిందే వేలాడుతుంది కాబట్టి అక్కడ మట్టి ఉండటం మామూలే, దానికి కార్పెట్ మూల లేపి చూడాలి. అమ్మేవాడు "కార్పెట్ ఎత్తొద్దు సార్, క్లిప్పులు పోతాయి" అన్నాడంటే ఇంకో బండి చూసుకోండి.

ఇంజను పరీక్ష రెండింటికీ ఒకటే. పొద్దున్నే వెళ్ళండి, మీరు వచ్చేలోపు స్టార్టు చేయొద్దని రాత్రే చెప్పండి. వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే ఏదో దాస్తున్నారు. చల్లగా స్టార్టు చేసినప్పుడు ముందు వైపు నుంచి గలగలమని గొలుసు చప్పుడు వచ్చి కాసేపటికి ఆగిపోతే టైమింగ్ చైన్ సాగిందని అనుమానించాలి. రెండు ఇంజన్లకీ బెల్టు కాదు, చైనే. ఇంజను ఆన్‌లో ఉండగా ఆయిల్ పోసే చోటి మూత తీసి, ఆ కన్నం మీదే బోర్లా పెట్టండి. మూత కొంచెం ఊగితే ఫర్వాలేదు, ఎగిరి పడుతూ పొగ తన్నుకొస్తుంటే పిస్టన్ రింగులు అరిగినట్టు. నీలం పొగ వస్తే ఇంజన్ ఆయిల్ కాలుతోంది, వదిలేయండి.

స్కార్పియో కింద పడుకుని ఛాసిస్ పొడుగునా టార్చి వేసి చూడటం తప్పనిసరి. కొత్తగా నల్లరంగు పూసి ఉంటే సంతోషించకండి, దాని కింద వెల్డింగ్ ఉందేమో గోరుతో గీకి చూడండి. బ్రెజ్జాకి విడిగా ఛాసిస్ ఉండదు, ఒళ్ళే ఛాసిస్. అందుకని బానెట్ లోపల రెండు పక్కల రేకులు, డిక్కీ కింద రేకు ఒకే తీరుగా ఉన్నాయా, ఫెండర్ బోల్టుల రంగు చెదిరిందా చూడాలి. పెద్ద దెబ్బ తగిలి అతికిన స్కార్పియోని పట్టాల మీదకి తేవచ్చు. అలాంటి బ్రెజ్జా మళ్ళీ తిన్నగా రాదు, ఎంత తక్కువకిచ్చినా వద్దు.

మీటరు తిప్పారేమో తెలుసుకోవడానికి కంపెనీ సర్వీసు రికార్డు తీయించండి. అధీకృత సర్వీస్ సెంటరులో బండి నంబరు చెబితే, ఓనరు దగ్గరుంటే, పాత సర్వీసులన్నీ కిలోమీటర్లతో సహా చూపిస్తారు. పదేళ్ళ స్కార్పియో 70 వేలే తిరిగిందని చెబితే నమ్మొద్దు, రికార్డు చూశాకే మాట. నా వరకు రికార్డున్న లక్షన్నర కిలోమీటర్ల స్కార్పియో, రికార్డు లేని ఎనభై వేల బ్రెజ్జా కన్నా మేలు.

నంబరు ఏ రాష్ట్రానిది?

సరిహద్దు బతుకుల్లో బండి ఎంపికని ఇదే ఎక్కువ తిప్పుతుంది. ఇల్లు గునుపురంలో, అత్తారిల్లు పాతపట్నంలో, కొడుకు చదువు విశాఖలో. బండి వారానికోసారి గీత దాటుతుంది. విజయనగరం, విశాఖలో సెకండ్ హ్యాండ్ బళ్ళు ఎక్కువ, ఎంచుకోడానికి వీలుంటుంది. అక్కడ ఏపీ నంబరు బండి కొని రాయగడ తెచ్చుకుందాం అనిపిస్తుంది.

అటూ ఇటూ తిరగడానికి ఏ అడ్డూ లేదు. కానీ మోటారు వాహనాల చట్టం 47వ సెక్షను ప్రకారం బండి ఇంకో రాష్ట్రంలో 12 నెలలకి మించి ఉంటే అక్కడి నంబరు వేయించుకోవాలి. దానికి పాత ఆర్టీఓ నుంచి 28వ ఫారంతో ఎన్.ఓ.సి. (అభ్యంతరం లేదనే పత్రం) కావాలి, అప్పుండి తీరిన బండైతే 35వ ఫారంతో ఆర్.సి. మీదున్న హైపోథెకేషన్ (అప్పు తాలూకు నమోదు) తీసేయించాలి, ఆపైన ఒడిశాలో బండి వయసుని బట్టి మళ్ళీ టాక్సు కట్టాలి. ఆంధ్రాలో కట్టిన లైఫ్ టాక్సులో మిగిలినది వాపసు అడగొచ్చు గాని, అడగాల్సింది ఆ టాక్సు ఎవరి పేరున ఉందో వాళ్ళు. అమ్మేసినతను మన కోసం ఆఫీసుల చుట్టూ తిరుగుతాడా?

కాబట్టి రాయగడ మనిషికి ఓడీ-18 (రాయగడ నంబరు) బ్రెజ్జా, ఏపీ-39 (ఆంధ్రా నంబరు) బ్రెజ్జా ఒకే ధరకి వస్తే అవి రెండూ ఒకే ధర కాదు. ఏపీ బండి మీద టాక్సు, ఎన్.ఓ.సి., తిరుగుళ్ళు అన్నీ కలిపి లెక్కేసి ఆ మేరకు తక్కువైతేనే తేవాలి. టాక్సు బండి విలువ మీద ఉంటుంది కాబట్టి, కొత్తదైన బ్రెజ్జాకే ఈ దెబ్బ ఎక్కువ తగులుతుంది. స్థానిక నంబరు స్కార్పియోకీ పరాయి నంబరు బ్రెజ్జాకీ మధ్య తేడా ఇక్కడ చాలా తగ్గిపోతుంది. కొన్ని ఇళ్ళలో ఈ ఒక్కదాని వల్లే స్కార్పియో గెలిచింది, అది సరైన లెక్కే.

ఆర్.సి. గడువు కూడా చూసుకోండి. సొంత బండికి 15 ఏళ్ళు. 2015 స్కార్పియోకి 2030 దాకా, 2019 బ్రెజ్జాకి 2034 దాకా. ఆ తర్వాత ఫిట్‌నెస్ చేయించి అయిదేళ్ళకోసారి పొడిగించుకోవచ్చు. 2022 ఏప్రిల్ నుంచి ఆ ఫీజు 600 నుంచి 5,000కి పెరిగింది. పదేళ్ళకే డీజిల్ బండి పడేయాలన్న మాట ఢిల్లీ చుట్టుపక్కల ప్రాంతానిది, మనకి కాదు. ఎవరైనా అది చూపించి స్కార్పియోకి బేరం తగ్గిస్తే, అమ్మేవాళ్ళు లొంగక్కర్లేదు. కొనేవాళ్ళు మాత్రం ఇంకోటి గుర్తుంచుకోవాలి: నాలుగేళ్ళు వాడి మళ్ళీ అమ్మేనాటికి స్కార్పియో గడువు అంచుకి వచ్చి ఉంటుంది, బ్రెజ్జాకి ఇంకా ఆయుష్షు ఉంటుంది. అప్పు తీసుకుని కొనేవాళ్ళకీ ఇదే అడ్డం, పదేళ్ళు దాటిన బండికి చాలా బ్యాంకులు అప్పివ్వడానికి వెనకాడతాయి.

ఇంకా ఊగిసలాటలో ఉంటే నా మాట సూటిగా ఇది. నలుగురైదుగురి ఇల్లు, ఎక్కువ తిరుగుడు తారు రోడ్డు మీద, నంబరు ఒడిశాది దొరికింది: బ్రెజ్జా తీసుకోండి, రెండో ఆలోచన వద్దు. రోజూ ఆరుగురు కదలాలి, లేదా వారంలో సగం రోజులు మట్టి దారి: రికార్డున్న ఎస్8 గాని ఎస్10 గాని స్కార్పియో, చేతిలో లక్ష మిగిలేలా. నలుగురి ఇల్లే గాని స్కార్పియో మీద మోజుంది అనేవాళ్ళు ఉంటారు. ఆ బండి మీద ప్రేమ నాకూ అర్థమవుతుంది, మజ్జి గౌరమ్మ గుడి ముందు పూజకి ఆపితే పదిమంది తిరిగి చూస్తారు. అలాంటి వాళ్ళు ఏడాదికి డీజిల్, ఇన్సూరెన్సు కలిపి అదనంగా అయ్యే ముప్పై అయిదు వేలని ఇంట్లోవాళ్ళ ముందు పెట్టి, అందరూ సరేనంటేనే తీసుకోవాలి.

డబ్బు ఇచ్చే రోజున జాగ్రత్త. ప్రభుత్వ ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి ఓనరు పేరు, అప్పు, ఇన్సూరెన్సు, చలానాలు చూడండి. ఒడిశాలో 2024 ఫిబ్రవరి నుంచి టోల్‌గేట్ల దగ్గర కెమెరాలే కాగితాలు లేని బళ్ళకి చలానా వేస్తున్నాయి కాబట్టి పాత బకాయిలు ఉండే వీలుంది. పేరు మార్పుకి కావాల్సిన 29, 30 ఫారాల మీద సంతకాలు మీ ముందే పెట్టించండి. బండి మీ చేతికొచ్చిన 30 రోజుల్లో పేరు మార్పుకి దరఖాస్తు చేయాలి. ఇన్సూరెన్సు కూడా 14 రోజుల్లో మీ పేరుకి రాయించుకోండి, పాత ఓనరు నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో వచ్చే తగ్గింపు) అతనిదే, మీకు రాదు. అమ్మేవాళ్ళకీ ఇందులో పట్టింపు ఉండాలి. పేరు మారకముందు ప్రమాదం జరిగితే రికార్డులో ఉన్న ఓనరే బాధ్యుడని సుప్రీంకోర్టు 2018లో తేల్చింది. అడ్వాన్సు ఇచ్చినా ఫర్వాలేదు గాని, పెద్ద మొత్తం మాత్రం ఎన్.ఓ.సి. అవసరమైన బండికి ఎన్.ఓ.సి. చేతిలో పడ్డాకే, అదీ బ్యాంకు ద్వారానే ఇవ్వండి. బండితో పాటు రెండో తాళం అడిగి తీసుకోండి, పాత ఫాస్టాగ్ అతని చేతే మూయించండి.